బేకన్ పథ్యమైతే పప్పుబువ్వ పాపమా?

బరువు తగ్గాలని మన ఇళ్లలో పిల్లలు అన్నం మానేస్తున్నారు. మానేస్తే మానేశారు, ఆ జాగాలో పొద్దున్నే పెనం మీదికి బేకన్ వస్తోంది. "ఇది కీటో, ఇందులో కార్బ్స్ లేవు, ఎంతైనా తినొచ్చు" అంటున్నారు. అదే నోటితో, పప్పుబువ్వలో చెంచాడు నెయ్యి వేసిన అవ్వను "నువ్వే మమ్మల్ని లావు చేశావు" అంటున్నారు. ఈ మాట మీదే మా పేచీ.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. పంది మాంసం కాబట్టి మేము వద్దంటున్నామని ఎవరూ అనుకోవద్దు. తెలుగువాళ్లలో పంది మాంసం తినే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మనం స్థిరపడిన ఈ కర్ణాటకలోనే కొడవల ఇళ్లలో పందికూర విందు వంట. ఒకరి కంచంలోది మైల అనే మాట ఈ వాదంలోకి రాకూడదు. పెద్దలు ఆ మాట ఎత్తిన రోజున పిల్లలే నెగ్గుతారు, నెగ్గాలి కూడా.

మా అభ్యంతరం లెక్కలది. మనకు దొరికే బేకన్ ఎక్కువగా పంది పొట్ట భాగం. కొవ్వు ఒక పొర, కండ ఒక పొర. దానికి ఉప్పు, నైట్రైట్ పట్టించి ఊరబెడతారు, చాలావరకు పొగ కూడా పెడతారు. మన మాటల్లో చెప్పాలంటే అది మాంసపు ఊరగాయ. తమిళనాట ఉన్న మన చుట్టాలకు ఉప్పుకండం తెలుసు, కోస్తావాళ్లకు ఉప్పుచేప తెలుసు. పప్పుచారులోకి ఉప్పుచేప ముక్క నంజుకుంటారు గానీ, చేపలే కంచం నిండా పెట్టుకుని దాన్ని పథ్యం అని ఎవరూ అనలేదు.

గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము కొవ్వుకు 9. వేయించిన బేకన్ 100 గ్రాములు తింటే 500 కేలరీలు దాటతాయి. వండిన అన్నం 100 గ్రాముల్లో ఉండేది సుమారు 130. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆ 100 గ్రాముల బేకన్‌తోనే దాదాపు ఆ కోటా అంతా అయిపోతుంది. కార్బ్స్ లేవన్నది నిజమే. ఎంతైనా తినొచ్చన్నది మాత్రం నిజం కాదు.

"మరి మా స్నేహితుడు రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాడే" అంటారు. తగ్గుతాడు. పిండిపదార్థం మానేస్తే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లూ దానితోపాటే పోతాయి. మొదటి వారాల్లో త్రాసు మీద కనిపించే తగ్గుదలలో ఆ నీళ్ల వంతే ఎక్కువ. తర్వాతి సంగతి చూడాలంటే ఏడాది ఆగాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని కొవ్వు తగ్గించినవాళ్లు, పిండి తగ్గించినవాళ్లు అని రెండు జట్లు చేసి ఏడాదిపాటు చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఒక జట్టు సగటున 5.3 కిలోలు, ఇంకో జట్టు 6 కిలోలు తగ్గింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పిండి తగ్గించినవాళ్లకు కూడా చెప్పింది కూరగాయలు, మంచి తిండి తినమనే, బేకన్ మీద బతకమని కాదు.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, బేకన్ లాంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా కట్టింది. పొగాకు ఉన్న జాబితాలోనే ఇదీ ఉందంటే పొగాకంత ప్రమాదమని కాదు, సాక్ష్యం అంత గట్టిదని. ఎప్పుడో ఒకసారి హోటల్లో రెండు ముక్కలు తిన్నందుకు భయపడక్కర్లేదు. రోజూ పథ్యం పేరుతో తినేవాళ్లే ఆలోచించాలి.

ఇక పెద్దలకూ ఒక మాట. అన్నం గుట్టగా పోసి, ఆ గుట్టకు గుంట చేసి రెండు గరిటెల పప్పు పోస్తే అది సమతుల ఆహారం కాదు. పిల్లలు అన్నం మీద అనుమానపడటంలో న్యాయం ఉంది. "సంగటి తింటే లావు కారు" అన్నదీ మనం చెప్పుకునే గొప్పే. రాగుల్లో పీచు, కాల్షియం ఎక్కువే గానీ కేలరీలు బియ్యానికి ఏమంత తక్కువ కావు. పొలం పనికి పోయేవాడి ముద్ద కుర్చీలో కూర్చునేవాడికి ఎందుకు? మన పాత వంట కావాలి, పాత కొలత అక్కర్లేదు.

దీని మీద ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నామంటే, మనలాంటి ఇళ్లలో కంచానికి ఇంకో పని కూడా ఉంది. బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్లకు మిగిలిన తెలుగు వంటింట్లోదే: ఊరుబిండి, పులుసు, చెనిక్కాయల పొడి, గోంగూర. "కార్బ్స్" అని ఒక్క మాటతో కంచం మొత్తం తోసేస్తే ఆ పేర్లు కూడా పోతాయి. పండగనాడు పులిహోర వైపు చూడకుండా లేచిపోయే పిల్లవాడు పోగొట్టుకునేది అన్నం ఒక్కటే కాదు.

కాబట్టి మేము అడిగేది ఇంతే. అన్నమో సంగటో సగానికి సగం తగ్గించండి. పప్పు, ఆకుకూర, గుడ్డో చేపో పెంచండి. నెయ్యి చెంచాతో కొలిచి వేసుకోండి, 5 గ్రాముల చెంచాకు 45 కేలరీలు. బేకన్ ఇష్టమైతే తినండి, కానీ ఆవకాయ వేసుకునే చోట, ఆవకాయ వేసుకునేంతే వేసుకోండి. అది తిని అవ్వకు మాత్రం ఆరోగ్యం మీద పాఠం చెప్పకండి.