కుట్టేదీ ఇక్కడే, పూడ్చేదీ ఇక్కడే

గుండ్లపోచంపల్లి అపరెల్ పార్కులో పనికి వెళ్లే ఆడవాళ్లను పొద్దున్నే మేడ్చల్ రోడ్డు మీద చూడొచ్చు. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోల్లో ఇరుక్కుని కూర్చుంటారు. ఇక రోజంతా మెషీన్ ముందు కాలర్లు, జేబులు, కాజాలు. అదే జిల్లాలో జవహర్‌నగర్ ఉంది, ఒకప్పుడు శామీర్‌పేట మండలంలోని ఊరు. హైదరాబాద్ రోజూ పారేసే సుమారు 7 వేల టన్నుల చెత్తలో ఎక్కువ భాగం అక్కడి డంపింగ్ యార్డుకే చేరుతుంది. ఒక చోట ఆడకూతుళ్లు నడుం పడిపోయేలా కూర్చుని కుట్టిన బట్టను ఇంకో చోట పూడ్చిపెడుతున్నారు. ఈ రెండు చోట్లకీ మధ్య ఉన్నది మనమే. కొంపల్లి, దూలపల్లి, తూంకుంట, శామీర్‌పేట కాలనీల వాళ్లం, విల్లాల వాళ్లం, అపార్ట్‌మెంట్ల వాళ్లం. ఆ చెత్తగుట్టకు మన బీరువాల నుంచి ఎంత వెళుతోందో మనలో ఒక్కరైనా అడిగారా?

దసరా ముందు ఇళ్లు దులిపే రోజుల్లో మా వీధిలోకి చెత్త ఆటో వచ్చింది. అందులో పనిచేసే అతను ఒక నల్ల కవరు ముడి విప్పాడు. పైన అరటి తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం. వాటి కింద చుడీదార్లు, పిల్లల ఫ్రాకులు, ఒక ఆకుపచ్చ కుర్తా. దాని మెడ దగ్గర ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. అతను కొస పట్టుకుని పైకి తీస్తే సాంబారు కారింది. "విడిగా ఇస్తే మా బిడ్డ తొడుక్కునేది అక్కా. గిట్ల నానబెట్టి ఇస్తే ఎవరు ముట్టుకుంటరు?" అని మళ్లీ లోపల పడేశాడు. అట్టపెట్టెలు ఒక పక్కన, సీసాలు ఒక పక్కన పెట్టుకున్నాడు. స్క్రాప్ షాపులో వాటికి కిలోకింత అని రేటు ఉంది. బట్టకు లేదు.

లేకపోవడానికి కారణం బట్ట కాదు, మనం. అపరెల్ పార్కులో కత్తెర కింద రాలిన పీలికలను కొనుక్కుపోయేవాళ్లున్నారు. హైవే పక్కన మెకానిక్ షెడ్లలో చేతులు తుడుచుకునే బనియన్ వేస్టుకు కూడా కిలో రేటు ఉంది. ఫ్యాక్టరీలో పనికిరాని ముక్కకు ఉన్న విలువ, మనింట్లో నాలుగుసార్లు కూడా తొడగని కుర్తాకు లేదు. ఎందుకంటే ఆ ముక్క పొడిగా, శుభ్రంగా, విడిగా ఉంటుంది. మన కుర్తా తడిచెత్తలో పడింది. అక్కడితో దాని పని అయిపోయింది. విడిగా ఒక సంచిలో వేసి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాటంటే "పాత బట్టలే కదా, ఎందుకంత రాద్ధాంతం?" అంటారు. చదువుకున్నవాళ్లు, కారు దిగకుండా మాట్లాడేవాళ్లు అనే మాట ఇది.

మన అమ్మమ్మలు ఈ మాట అని ఉండేవారా? చిరిగిన నేత చీరలు నాలుగు మడతలు వేసి బొంత కుట్టించేవారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది, ఉయ్యాల అయ్యేది, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది. పండుగ ముందు స్టీలు సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమెకు పాత ప్యాంట్లు, చీరలు ఇచ్చి గిన్నె తీసుకునేవారు. ఆమె చిరుగులు కుట్టించి, ఉతికి, ఇస్త్రీ చేయించి అంగడిలో అమ్మితే రోజుకూలీ చేసుకునేవాడికి పనిలోకి ఒక ప్యాంటు దొరికేది. ఇప్పుడు ఆమెను గేటు దగ్గరే సెక్యూరిటీ వెనక్కి పంపేస్తున్నాడు. లోపలికి రానివ్వొద్దని అసోసియేషన్ తీర్మానం! ఫుడ్ డెలివరీ బండికి తెరుచుకునే గేటు, మన బట్టకు రెండో బతుకు ఇచ్చే మనిషికి తెరుచుకోదు. ఇది నాకు ఒళ్లు మండే విషయం.

బొంత కుట్టేవాళ్ల గోడు ఇంకొకటి. నూలు చీర అయితే సూది దిగుతుంది, చెమట పీలుస్తుంది. ఇప్పుడు ఇళ్లలోంచి వచ్చేదంతా జారిపోయే పాలిస్టర్. పాలిస్టర్ అంటే ప్లాస్టిక్కే. పూడిస్తే తరాలు గడిచినా మట్టిలో కలవదు. కాలిస్తే పొగ. జవహర్‌నగర్‌లో 2020 నుంచి చెత్తతో కరెంటు తీసే ప్లాంటు నడుస్తోంది. కాల్చేస్తున్నాం కదా అని చేతులు దులుపుకోవడానికి అది సాకు కాకూడదు. మల్కారం చెరువులోకి దిగిన చెత్త రసం, దమ్మాయిగూడ, చీర్యాల వైపు రాత్రిళ్లు కమ్మే కంపు, అక్కడివాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న ధర్నాలు, వేసిన కేసులు మనకు తెలియనివి కావు. తెలిసీ ఇంకో కవరు కట్టి ఆటోలో వేస్తున్నాం.

దానం చేస్తున్నాం కదా అనేవారికి ఒక మాట. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి లారీల కొద్దీ బట్టలు వెళ్లాయి. చిరిగినవి, మాసినవి, అక్కడివాళ్లు కట్టనివి. సర్వం పోగొట్టుకున్న మత్స్యకారులు కూడా వాటిని ముట్టుకోలేదు. రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉంటే, 1999లో మొదలైన గూంజ్ సంస్థ వాళ్లు వాటిని ఏరి, శుభ్రం చేసి వాడకంలోకి తేవాల్సి వచ్చింది. మనం తొడగలేనిది వరదలో మునిగినవాడికి ఇవ్వడం దానం కాదు, అవమానం. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు ఇంట్లోంచి సంచి కట్టే ముందు ఇది గుర్తొచ్చిందా?

దేశం మొత్తం మీద ఏటా సుమారు 78 లక్షల టన్నుల బట్ట వ్యర్థం వస్తోందని ఫ్యాషన్ ఫర్ గుడ్ సంస్థ 2022లో లెక్కగట్టింది. అందులో సగం దాకా మన ఇళ్లలోంచి వచ్చేదే. పానిపట్‌లో పాత ఉన్నిని చీల్చి, వడికి దుప్పట్లు నేస్తారు. పని తెలిసినవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. వాళ్ల దాకా మన బట్ట వెళ్లే దారే లేదు. ప్లాస్టిక్‌కు, బ్యాటరీలకు, టైర్లకు తయారీదారుడిదే బాధ్యత అని చట్టం రాసుకున్నాం. బట్టకు ఎందుకు రాయలేదు? ఫ్రాన్స్ 2007లోనే రాసింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి బట్టను విడిగా సేకరించడం తప్పనిసరి. ఒకటి కొంటే రెండు ఉచితం అని అమ్మే కంపెనీని, ఆ మూడూ రేపు ఎక్కడికి పోతాయని అడిగే నాథుడు ఇక్కడ లేడు.

2023 మే నెలలో దేశమంతటా నగరాల్లో ట్రిపుల్ ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) సెంటర్లని తెరిచారు. పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు తెచ్చి ఇవ్వమన్నారు. మంచి ఆలోచన, ఎవరూ కాదనరు. ఆ ప్రచారం జూన్ 5తో ముగిసింది. మా కాలనీలో పాత బట్టలు ఎక్కడ ఇవ్వాలని ఇప్పుడు ఎవరిని అడిగినా తెలియదంటున్నారు. వార్డు ఆఫీసులో అడిగితే, ఆటోలో వేసేయండమ్మా అన్నారు. ఏ ఆటోలో? సాంబారు కారే ఆ ఆటోలోనా?

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ప్రతి చెత్త ఆటోకు బట్టల కోసం ఒక గోనెసంచి కట్టండి. నెలకొక రోజు కేటాయించండి. సంచికి కిలో రేటు పెట్టి, ఆ డబ్బు ఆటో పనివాళ్లకే ఇవ్వండి. స్టీలు సామాన్ల ఆమెకు గుర్తింపు కార్డు ఇవ్వండి, గేటు దగ్గర ఆపడం మానండి. గుండ్లపోచంపల్లిలో కుట్టుపని వచ్చిన ఆడవాళ్లు వందల మంది ఉన్నారు. బాగుచేసే పని చూపిస్తే వాళ్ల చేతిలో ఆ ఆకుపచ్చ కుర్తా ఎంతసేపు? కాలనీ అసోసియేషన్లు ఈ ఆదివారం మీటింగులోనే తీర్మానం చేయొచ్చు, దానికి ఏ జీవో అక్కర్లేదు. జీవో ఇవ్వాల్సినవాళ్లు మాత్రం వచ్చే దసరా సేల్ బోర్డులు లేవకముందే ఇవ్వాలి.