మూడవ అంతస్తుకు ఆకుకూర

నగరాలలోని అల్పాదాయ కుటుంబాలకు ప్రభుత్వాలు నిర్మించిన గృహ సముదాయాలలో నేల అంతస్తు, దానిపై మూడు అంతస్తులు గల నమూనా సర్వసాధారణం. ఆంధ్రప్రదేశ్‌లోని టిడ్కో గృహాలు ఇందుకు ఉదాహరణ. ఇటువంటి భవనాలలో పెక్కింటికి లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే వృద్ధులకు, ఊతకర్రలతో నడిచే వికలాంగులకు బజారు ఎంత దగ్గరగా ఉన్నా దూరమే.

బియ్యం విషయంలో కొంత ఊరట లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 9,260 వాహనాలతో ఆరంభమైన రేషన్ సరఫరా 2025 జూన్‌లో మరల చౌక ధరల దుకాణాలకు మారినప్పుడు, 65 ఏళ్ళు పైబడిన వారికి, వికలాంగులకు ఇంటివద్దనే సరుకులు అందించాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయితే బియ్యం నెలంతా నిల్వ ఉంటుంది. తోటకూర, గోంగూర మరునాటికే వాడిపోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కిలో కాలరీల ఆహారంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. మెట్లు దిగలేక ఊరగాయతోనో, చారుతోనో పూట గడుపుకునే దంపతులకు ఈ లెక్క కాగితం మీదనే మిగులుతున్నది.

1999లో మొదలైన రైతు బజార్లు దళారుల బెడద తగ్గించాయి. తోపుడు బండ్లు వీధి మొగ వరకు వస్తున్నాయి. మిగిలినది చివరి తొమ్మిది మీటర్ల ఎత్తు మాత్రమే.

ఇంజనీర్లుగా మేము ఒక చిన్న లెక్క వేశాము. ఇద్దరికి వారంలో సగం రోజులకు కావలసిన కూరలు సుమారు మూడు కిలోలు. అరవై కిలోల మనిషి ఆ సంచితో మెట్లెక్కితే 63 కిలోల బరువు పైకి చేరాలి. సంచిని మాత్రమే పంపితే అందులో 21వ వంతు పని చాలును. బాల్కనీ పై దూలానికి గట్టిగా బిగించిన కప్పీ, త్రాడు, బుట్ట ఉంటే క్రింద నున్నవారే లాగి పైకి చేర్చగలరు. బుట్ట క్రింద ఎవరూ నిలబడరాదు; కప్పీని రెయిలింగుకు కట్టరాదు. మంచం పట్టినవారికి మాత్రం మనిషే మెట్లెక్కి అందించాలి.

ఇది దానధర్మం కారాదు. ఏ కూర కావాలో ముందురోజు సాయంత్రమే అడిగి, బజారు ధరకే తెచ్చి ఇవ్వాలి. వంకాయ కోరిన వారికి మిగిలిపోయిన దొండకాయ అంటగట్టడం సేవ అనిపించుకోదు.

వారానికి రెండు ఉదయాలు, నలుగురు మనుషులు, ఒక రిక్షా బండి. ఒక భవన సముదాయానికి ఇంతకంటె ఎక్కువ అవసరం లేదు. మన మహిళా సమాజం, పదవీ విరమణ చేసిన మిత్రులు ఈ విషయమై యోచించవలసినదిగా కోరుతున్నాము. మెట్లు మనకూ ఒకనాడు బరువగునని మరువరాదు.