మోడల్ ఒక్కటే, పేర్లు మన భాషల్లో: ఈ ఫీచర్ మనమే అడగాలె



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే మనోళ్లందరికీ ఒక మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంటే యూఎంఎల్ డయాగ్రామ్‌లు గీసుడు తప్పదు. ప్లాంట్‌యూఎంఎల్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్స్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నయి, మంచిదే. కానీ గీసిన బొమ్మను గైడ్ సార్‌కు చూపిస్తున్నం, ఎక్స్‌టర్నల్‌కు చూపిస్తున్నం. ఎవరి పని కోసం గీసినమో వాళ్లకు మాత్రం చూపించలేకపోతున్నం.

పోడు పట్టా దరఖాస్తునే తీసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు ముందు గ్రామసభకు పోతది. అటవీ హక్కుల కమిటీ భూమి మీదికి పోయి తనిఖీ చేస్తది. గ్రామసభ తీర్మానం సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పోతది. గ్రామసభ కాదంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కాదంటే మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. మన మోడల్‌లో 'రిజెక్టెడ్' అన్న డబ్బా కాడనే బాణం ఆగిపోతే, దాన్ని చూసి కట్టే సాఫ్ట్‌వేర్‌లో అప్పీలు బటనే ఉండదు. ఆ లోపం వీర్నపల్లి దిక్కు తండాలో పట్టా కోసం ఏండ్లు తిరిగిన పెద్దమనిషి ఒక్క చూపుతో పట్టగలడు. డబ్బాల మీద అంతా ఇంగ్లీషే ఉంటే ఆయన ఏం చెప్తడు?

"తెలుగులో టైప్ చేస్తే అయిపాయె కదా" అనొచ్చు. చేయొచ్చు. కానీ కాలేజీకి ఒక ఫైలు, తండాకు ఒక ఫైలు అయితది. ఒకదాంట్లో బాణం మారిస్తే రెండోదాంట్లో పాతదే ఉంటది. గోర్‌బోలి, గోండి కూడా కావాలంటే నాలుగు ఫైళ్లు. వేరియబుల్స్ పెట్టి తిప్పలు పడొచ్చు గానీ, అది అందరూ నడిచే దారి కాదు.

మనం అడిగేది చిన్నదే. మోడల్ ఒక్కటే ఉండాలె. ఒక్కో డబ్బాకు, ఒక్కో బాణానికి భాషల వారీగా పేర్లు పెట్టుకునే వీలుండాలె. భాష ఎంచుకుంటే ఆ పేర్లతోనే బొమ్మ రావాలె. ఆ భాషలో పేరు లేకుంటే ఇంగ్లీషుది కనిపించాలె. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన ప్రొటెజె అనే ఓపెన్ సోర్స్ టూల్‌లో ఒక్క భావనకు ఎన్ని భాషల పేర్లయినా పెట్టొచ్చు. లంబాడీకి 'ఎల్‌ఎంఎన్', గోండికి 'జీఓఎన్' అని అంతర్జాతీయ భాషా కోడ్‌లు కూడా ఉన్నయి.

అడిగే పద్ధతి ముఖ్యం. "మా భాషకు అన్యాయం" అని మాత్రమే రాస్తే, ఆ టూల్ చూసుకునేటోళ్లకు ఏం చేయాల్నో తెల్వదు. ముందు ఇదే కోరిక ఎవరన్నా అడిగిన్రా వెతకాలె. అడిగి ఉంటే దాని కిందనే మన ఉదాహరణ పెట్టాలె. లేకుంటే అందరి తరఫున ఒక్కటే అభ్యర్థన రాయాలె: ఐదు డబ్బాల పోడు మోడల్, ఇప్పుడు ఏమైతుంది, ఏం కావాలె. పరీక్షించే పని మేం చేస్తమని కూడా చెప్పాలె. యాభై మంది యాభై సార్లు రాస్తే చిరాకే మిగులుతది.

అడిగితే వస్తదా? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. అక్షరాల పట్టిక, ఆధారాలు జతచేసి ప్రతిపాదన పంపితేనే చేరింది. ఇక్కడ వాళ్లు కాదన్నా కోడ్ తెరిచే ఉంది. నాచుపల్లి, సిరిసిల్ల జేఎన్‌టీయూ కాలేజీల్లో సీఎస్ఈ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ కోడ్‌లో చెయ్యి పెట్టొచ్చు.

మొదటి పని ఈ వారమే చేద్దాం. దరఖాస్తు, గ్రామసభ, తనిఖీ, తీర్మానం, అప్పీలు. ఈ ఐదింటికి మీ ఇంట్లో ఏం మాట వాడతరో అవ్వను, తాతను అడిగి కింద రాయండి. ఆ మాటలతోనే అభ్యర్థన మొదలుపెడదాం.