రోడ్డు అంచున ఉన్నవారి లెక్క



ఈ నెల మేము ఒక రోడ్డును గూర్చి వ్రాస్తున్నాము. కుటుంబముల పత్రికలో రోడ్డు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని మొన్న కూటముల కొరకు ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెకు వెళ్ళి రెండు రోజులు ఉన్నాము. ఏ ఇంట కూర్చున్నా రోడ్డు మాటే. పిల్లల పెళ్ళిళ్ళు, పొగాకు ధర కూడా దాని తరువాతనే.

ఆ ఊరు మెయిన్ రోడ్డుకు ఆరు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఇప్పుడున్నది మూడు ముప్పావు మీటర్ల తారు రోడ్డు. ఎదురుగా లారీ వస్తే ఆటో మట్టిలోకి దిగవలసిందే. దానిని అయిదున్నర మీటర్లకు వెడల్పు చేయడానికి కొలతలు వేశారు. గోడల మీద, చెట్ల మీద, కొట్ల అరుగుల మీద ఎర్రరంగు గుర్తులు పెట్టి వెళ్ళారు. ఆ గుర్తు ఎక్కడ పడితే అక్కడి ఇంటివారికి ఆ రాత్రి నిద్ర లేదు.

ముందుగా ఒక మాట. మంచి రోడ్డు వద్దనేవారు ఆ ఊరిలో ఒక్కరు కూడా లేరు. మేమూ వద్దనము. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నిండు చూలాలిని డోలీలో మోసుకువచ్చే వార్తలు మనము చదువుతూనే ఉన్నాము. 108 వాహనము 2005లో వచ్చింది గాని, రోడ్డు లేని చోటికి అది ఎలా వెళ్తుంది? తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుండి స్త్రీలకు పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. బస్సు తిరిగే రోడ్డు ఉంటేనే ఆ మేలు ఊరికి అందేది. గ్రామీణ సడక్ యోజన రోడ్లు వచ్చిన ఊళ్ళను సామ్ ఆషర్, పాల్ నోవోసాద్ అనే పరిశోధకులు దేశమంతటా పరిశీలించి 2020లో ప్రకటించారు. రోడ్డు వచ్చిన తరువాత చాలామంది వ్యవసాయపు పని విడిచి బయటి పనులకు వెళ్ళగలిగారు. అయితే పంటలలోను, ఆదాయములోను, ఆస్తులలోను చెప్పుకోదగిన మార్పు రాలేదట. వారే మరొక అధ్యయనంలో ఇంకొకరితో కలిసి చూడగా, పై తరగతుల బడిలో చేరే పిల్లల సంఖ్య మాత్రం పెరిగిందని తేలింది. అంటే రోడ్డు అందరికీ అన్నీ తెచ్చిపెట్టదు. కొందరికి తెస్తుంది, కొందరి దగ్గర నుండి తీసుకుంటుంది. ఎవరికి ఏది అన్నది పని మొదలుకాక ముందే తెలుసుకోవడానికి చేసేదే సామాజిక ప్రభావ అంచనా. పేరు పెద్దదే గాని పని చిన్నది. రోడ్డు పొడవునా నిదానంగా నడిచి, ఇరువైపుల ఎవరున్నారో, ఏమి చేసుకొని బ్రతుకుతున్నారో అడిగి వ్రాసుకోవడం.

ఆ ఊరి మొదట ఒక వేపచెట్టు ఉంది. దాని క్రింద మన సంఘపు సహోదరి ఒకామె రేకుల కొట్టు పెట్టుకొని ఇడ్లీలు, టీ అమ్ముతుంది. భర్త పోయి పదకొండేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలను ఆ కొట్టు మీదనే చదివిస్తోంది. రెండవ రోజు ఉదయం మేము అక్కడ టీ త్రాగుతుండగా ఆమె అడిగింది: "అయ్యగారండీ, ఆఫీసు కాగితాల్లో మా కొట్టు ఉందంటారా?"

మేము ఉంటుందనే అనుకున్నాము. తరువాత విచారిస్తే లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే చట్టము సంగతి కొంచెం చెప్పాలి. 2013 భూసేకరణ చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రభుత్వము భూమి తీసుకొనే ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలి, పంచాయతీతో సంప్రదించాలి, ఊరివారి ఎదుట బహిరంగ విచారణ పెట్టాలి, నివేదిక స్థానిక భాషలో అందరికీ అందాలి అని అందులో ఉంది. భూమి ఉన్నవానినే కాదు, అంతకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద కూలి చేసుకొని గాని, కౌలు చేసుకొని గాని బ్రతికే కుటుంబమును కూడా నష్టపోయిన కుటుంబముగానే లెక్కించాలని ఆ చట్టము చెబుతుంది. ఇది మంచి మాట. కాని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తరువాత తమ సవరణలు తెచ్చుకున్నాయి. ఆంధ్రలో అది 2018లో వచ్చింది. గ్రామీణ వసతుల పనులను ఈ అంచనా నుండి మినహాయించే అధికారము వాటి వలన ప్రభుత్వమునకు వచ్చింది. మన జిల్లా రోడ్లు సరిగ్గా ఆ కోవలోనివే.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ ఊరి రోడ్డుకు చాలా చోట్ల కొత్తగా భూమి తీసుకోవడమే లేదు. పూర్వము నుండి రోడ్డు పోరంబోకుగా ఉన్న మార్జిన్‌లోనే వెడల్పు చేస్తున్నారు. భూమి తీసుకోనప్పుడు ఆ చట్టమునకు పనే లేదు. ఆ మార్జిన్‌లో కొట్టు పెట్టుకున్న మనిషి కాగితములో ఆక్రమణ మాత్రమే. ప్రపంచ బ్యాంకు అప్పుతో చేసే రోడ్లలో పట్టా లేనివారిని కూడా లెక్క వ్రాసి, పోయిన జీవనోపాధికి సహాయము చేయాలని నియమమున్నది. లెక్క వ్రాసిన రోజుకు అక్కడ ఉన్నవారందరూ అందులోకి వస్తారు. అదే కొట్టు, అదే వేపచెట్టు. డబ్బు ఎక్కడి నుండి వచ్చిందన్న దానిని బట్టి ఆమె ఒక చోట మనిషి, ఒక చోట ఆక్రమణ!

ఒకటి రెండు మలుపుల దగ్గర మాత్రము పొలము కావలసి వచ్చింది. అక్కడ 'దానము' మాట వచ్చింది. 2000 డిసెంబరు 25న మొదలైన గ్రామీణ సడక్ యోజనలో భూమి కొనడానికి సొమ్ము లేదు. రైతులు ఇష్టపూర్వకంగా ఇచ్చిన స్థలములోనే చాలా రోడ్లు పడ్డాయి. ఈ రోడ్డు ఆ పథకములోనిది కాదు గాని, ఆ అలవాటు మాత్రం వచ్చి చేరింది. పదెకరాల రైతుకు మూడు సెంట్లు ఒక లెక్క కాదు. అరెకరము మీద బ్రతికే విధవరాలికి మూడు సెంట్లు వేరే సంగతి. ఆమె చేత వేలిముద్ర వేయించడానికి నలుగురు పెద్దమనుషులు ఇంటికి వెళ్ళారు. వేయనంటే ఊరికి రోడ్డు ఆపింది నువ్వేనంటారు. ఇష్టపూర్వకమన్న మాట వ్రాసిన కాగితము మీద ఆమె వేలిముద్ర ఉంది. ఆమె ఇష్టము ఎవరైనా అడిగారా అన్నది ఆ కాగితములో లేదు. వద్దనే వీలు నిజముగా ఉన్నప్పుడే ఇచ్చినది దానమవుతుంది.

అదే గ్రామీణ సడక్ యోజనలో ఒక మంచి పద్ధతి కూడా ఉంది. రోడ్డు గీత ఖాయపరచక ముందు ఇంజనీరు, సర్పంచి, రెవెన్యూవారు, ఊరివారు కలిసి ఆ దారి పొడవునా నడవాలి. ఎవరి స్థలము ఎంత పోతుందో అక్కడికక్కడే చెప్పాలి. వచ్చిన అభ్యంతరాలన్నీ మినిట్సుగా వ్రాసి ప్రాజెక్టు నివేదికకు జతపరచాలి. సరిగా నడిస్తే ఇంతకు మించిన అంచనా లేదని మా అభిప్రాయము. జీపులో కూర్చొని పావుగంటలో ముగిస్తే అది నడక కాదు.

మేము ఆ సాయంత్రము యౌవనస్థులు నలుగురిని, స్త్రీల సమాజపు సహోదరీలు ఇద్దరిని వెంటబెట్టుకొని ఒక నోటుపుస్తకముతో ఆ ఆరు కిలోమీటర్లు నడిచాము. రెండు గంటలకు పైగా పట్టింది. ఆటోలో పోయేటప్పుడు కనిపించనివి ఎన్నో కనిపించాయి. వేపచెట్టు నీడే ఆ ఊరికి బస్సుస్టాపు. చెట్టు పోతే ఎండలో నిలబడేది బడి పిల్లలు, ముసలివారు. కంది కోతల కాలములో ఈ రోడ్డు మీదనే కంది మండెలు పరుస్తారు, వచ్చేపోయే బండ్ల క్రింద కాయ రాలుతుంది. కల్లము లేని చిన్నరైతుకు రోడ్డే కల్లము. అది తప్పని మనకు తెలుసు, వారికీ తెలుసు. కాని వెడల్పు చేసిన రోడ్డు మీద బండ్లు ఇదివరకటి వేగముతో రావు. 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. ఆ లెక్కలో పల్లె రోడ్ల మీద పోయినవారూ ఉన్నారు. కొత్త రోడ్డుకు ఆ ఊరి నడుమ నడకదారి ఉందా అని అడిగితే నక్షాలో లేదన్నారు.

పల్లె దగ్గర ఇంకొక సంగతి బయటపడింది. మన సంఘస్థుల ఇండ్లన్నీ ఊరికి పల్లపు వైపునే. ఇంతకు ముందు తారు వేసిన ప్రతిసారి పాత పొర మీదనే కొత్త పొర వేశారు. ఇప్పుడు రోడ్డు గుమ్మముల కంటె జానెడు ఎత్తున ఉంది. వాన పడితే నీళ్ళు ఇండ్లలోకే. ఈసారి ఇంకొక అడుగు లేస్తుందట. నీరు అవతలికి పోయే తూము కొలతలో ఉందో లేదో పురుషులలో ఎవరూ చెప్పలేకపోయారు. వంటింటిలో నీళ్ళు ఎత్తిపోసే సహోదరి మాత్రము తూము ఎక్కడ వేయాలో వేలు పెట్టి చూపించింది. అందుకే స్త్రీలను వేరుగా కూర్చోబెట్టి అడగాలి. మగవారి ముందు అడిగితే "మాకేం తెలుసండీ" అంటారు, అంతటితో సరి.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. మందిరము దగ్గర ఆగాము. రెండేళ్ళ క్రితము సంఘస్థులు చందాలు వేసుకొని కట్టుకున్న ప్రహరీ అక్కడ ఉంది. గోడ మీద ఎర్ర గుర్తు లేదు. చెరిపివేసిన జాడ ఉంది. అడిగితే ఒక యౌవనస్థుడు చెప్పాడు. మొదటి కొలతలో గోడ మూడడుగులు పోవలసి ఉందట. సంఘ పెద్దలు రెండుసార్లు ఆఫీసుకు వెళ్ళి మాట్లాడారట. వారు దయచూపి ఆ చోట గీతను రెండవ వైపుకు జరిపారట.

రెండవ వైపు ఏముందో మేము అడగలేదు. నోటుపుస్తకములో ఉంది. వేపచెట్టు, రేకుల కొట్టు.

గోడ నిలిచిందని ఆ ఆదివారము స్తుతి చెల్లించిన వారిలో ఆ సహోదరి కూడా ఉందట. గీత ఎటు జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్దలకు కూడా ఆ ఆలోచన రాలేదనే మేము నమ్ముతున్నాము. గోడ కొరకు ఆఫీసుకు వెళ్ళడానికి అయిదుగురు ఉన్నారు, కొట్టు కొరకు వెళ్ళడానికి ఎవరూ లేరు, అంతే. ఈ మాట వ్రాయడము మాకు సులభము కాదు. ఆ ఊరి పెద్దలు ఈ పత్రిక చదువుతారు.

మరునాడు ఉదయం ప్రయాణమునకు ముందు పాస్టరుగారిని, పెద్దలను కూర్చోబెట్టి నోటుపుస్తకము వారి ముందు పెట్టాము. పదునాలుగు కొట్లు, బండ్లు, ఒక సైకిలు రిపేరు షాపు, చెప్పులు కుట్టే ఒక తాత, రెండు బోరింగులు, తూము కావలసిన చోటు, అరెకరపు సహోదరి మూడు సెంట్లు, అన్నీ పేర్లతో వరుసగా వ్రాసి ఉన్నాయి. పెద్దలలో ఒకాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, గోడ మూడడుగులు వెనుకకు కట్టుకోవడానికి ఎంత అవుతుందని మేస్త్రీని పిలిపించి అడిగారు. మరొకాయన, కట్టిన గోడ పడగొట్టడమేమిటని లేచి వెళ్ళిపోయారు. కొట్టును మందిరపు స్థలములోనే ఒక మూలకు మార్చవచ్చు గదా అని ఇంకొకరన్నారు. చెట్టు మాటేమిటని ఒక సహోదరి అడిగింది.

నోటుపుస్తకములోని పేర్లన్నీ ఒక అర్జీగా వ్రాసి, పంచాయతీ ద్వారా ఆఫీసుకు ఇవ్వడానికి మాత్రము అందరూ ఒప్పుకున్నారు. గోడ సంగతి ఇంకా తేలలేదు. దాని గూర్చి వచ్చే ఆదివారము ఆరాధన తరువాత పెద్దల కూటము మరల ఉన్నది. ఈసారి ఆ సహోదరిని కూడా రమ్మని కబురు పంపారట.