కుట్లకి కూడా డేట్ వస్తుందా?

రేపల్లెలో మా అక్కకి టైలరింగ్ షాపు ఉంది. పండగ ముందు బ్లౌజుల ఆర్డర్లు మీదపడితే మిషన్ దగ్గర్నుంచి లేవదు. అలాంటి మనిషి నెలకి మూడు రోజులు షాపు తియ్యడమే మానేసింది. ఏంటే అంటే "డేట్ లేవే" అనేది. డేట్ అంటే నొప్పి ఉంటుంది కదా అని నేనూ ఊరుకున్నా.

తీరా చూస్తే నొప్పి పొత్తికడుపులో కాదు. సిజేరియన్ కుట్టు చివర, చర్మం కింద ఉసిరికాయంత గడ్డ. డేట్ వచ్చే ముందు ఉబ్బుతుంది, చెయ్యి తగిలితే ప్రాణం పోతుంది. అయిపోగానే తగ్గుతుంది. బాపట్లలో వాళ్ల అత్తయ్యగారు "కుట్ల నొప్పేనమ్మా, అదే పోతుంది" అన్నారు. ఒక డాక్టర్ లోపల దారం మిగిలిందన్నారు. ఇంకొకరు హెర్నియా అనుకుని బెల్టు పెట్టుకోమన్నారు. అలా మూడేళ్లు!

మొన్న తెనాలిలో మా ఇంటికొచ్చినప్పుడు నొప్పి మొదలైతే ఇక్కడే ఒక గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లా. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ గడ్డ ఏ తారీఖుల్లో నొప్పెడుతుంది?" అక్క ఫోన్‌లో పీరియడ్ యాప్ తీసి చూపించింది. ప్రతి నెలా అవే రోజులు. తర్వాత అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి పరీక్ష. పేరు తేలింది: పొట్ట గోడ ఎండోమెట్రియోసిస్.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట ఎక్కడైనా పెరిగితే ఎండోమెట్రియోసిస్ అంటారు. సిజేరియన్ సమయంలో ఆ కణాలు కొన్ని కోత దగ్గర చిక్కుకుపోయి, అక్కడే పెరగొచ్చు. ఎక్కడున్నా హార్మోన్ల మాట వింటాయి కాబట్టి నెలనెలా అక్కడా వాపు, నొప్పి. సిజేరియన్ అయినవాళ్లలో ఇది వచ్చేది చాలా తక్కువమందికే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇన్ని కోతలున్న చోట అరుదైన జబ్బు కూడా మన వీధిలోనే ఉండొచ్చు.

మరి మందేంటి? హార్మోన్ మాత్రలు నొప్పి తగ్గిస్తాయి, గడ్డని తీసెయ్యవు. మామూలుగా చేసేది ఆపరేషన్: గడ్డతో పాటు చుట్టూ కొంచెం మంచి కండ కూడా తీస్తారు. లోతుగా ఉంటే ఆ ఖాళీలో మెష్ వెయ్యాల్సి రావచ్చు. అది విని అక్క మొహం వాడిపోయింది. "మళ్లీ అదే చోట కోతా? మిషన్ తొక్కేదెప్పుడే?"

అప్పుడు డాక్టరుగారు ఇంకో దారి చెప్పారు. క్రయోఅబ్లేషన్, అంటే గడ్డని గడ్డకట్టించడం! స్కాన్‌లో చూస్తూ చర్మం గుండా సన్నటి సూదులు గడ్డలోకి పంపుతారు. ఒత్తిడితో ఉన్న ఆర్గాన్ గ్యాస్ సూది మొన దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి విపరీతంగా చల్లబడుతుంది. చుట్టూ మంచు ఉండ కడుతుంది. కాసేపు గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్లీ గడ్డకట్టిస్తారు. మైనస్ 40 డిగ్రీల చలికి కణాలు చచ్చిపోతాయి. చచ్చిన కణజాలాన్ని ఒళ్లే మెల్లగా శుభ్రం చేసుకుంటుంది. పెద్ద కోత ఉండదు, ఇంటికీ త్వరగా పంపిస్తారు. ఫ్రాన్స్‌లో డాక్టర్లు ఆపరేషన్‌తో పోల్చి చూసి మంచి ఫలితాలే రాశారు.

ఇదేదో మ్యాజిక్ అనుకోవద్దు. ఆ అధ్యయనాలన్నీ కొద్దిమంది మీదే జరిగాయి. గడ్డ మరీ పెద్దదైనా, చర్మానికో పేగుకో ఆనుకుని ఉన్నా కుదరకపోవచ్చు. చలికి చర్మం, నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. మళ్లీ రాదని గ్యారంటీ లేదు. ఆపరేషన్ చేస్తే గడ్డ ల్యాబ్‌కి వెళ్తుంది, గడ్డకట్టిస్తే ఏమీ మిగలదు. అందుకే ముందే ముక్క తీసి పరీక్ష చేయించాలి. పైగా ఇది చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు. ఆ మిషన్ పెద్ద ఆస్పత్రుల్లోనే ఉంటుంది, అదీ అన్నిట్లో కాదు.

అక్క ఇంకా ఏదీ తేల్చుకోలేదు. వచ్చే సోమవారం ఎంఆర్ఐ. "గుడ్డ కొయ్యకముందే కొలత చూసుకోవాలి కదే" అంటోంది. ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుకుంది: గడ్డ ఎంత లోతు? మెష్ పడుతుందా? నాకు గడ్డకట్టించడం కుదురుతుందా? ఖర్చెంత?

మీ ఇంట్లో సిజేరియన్ అయిన అక్కో వదినో ఉంటే ఇవాళ ఒక్క మాట అడగండి. కుట్టు దగ్గర గడ్డ ఉందా, డేట్‌తో పాటే నొప్పెడుతోందా అని. అవునంటే తారీఖులు రాయించి, ఆ ఫోన్ తీసుకుని డాక్టర్ దగ్గరికి మీరే తోడు వెళ్లండి. మా అక్కని నేను మూడేళ్ల కిందటే అడగాల్సింది.