పరిచర్య చేసిన చేతికి పండుగ ముద్ద

ఉద్దానం అనే పేరు ఉద్యానవనం అనే మాట నుండి వచ్చిందంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు చూసినవారికి ఆ పేరు సార్థకమనిపిస్తుంది. తెలుగునాట ఎన్నో ఇళ్ళ షీర్ ఖుర్మాలో పడేది పలాస జీడిపప్పే. కాని ఈ తోటల నేలనే మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. దాని కారణం నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

డయాలసిస్ రోగి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు యంత్రం పక్కన పడుకోవలసి ఉంటుంది. ఆ రోజుల్లో అతని వెంట మరొక మనిషి దినమంతా గడపాలి. ఆమె భార్య కావచ్చు, కోడలు కావచ్చు, జీతానికి కుదిరిన పొరుగింటి స్త్రీ కావచ్చు. ముస్లిం కుటుంబాలు బహు తక్కువగా ఉన్న ఈ జిల్లాలో ఆమె హిందూ సోదరి కావడం సహజమే. పండుగనాడు ఇల్లంతా బంధువులతో నిండినప్పుడు ఆమె ఎక్కడ కూర్చుని తింటుంది? చాలా ఇళ్ళలో దీనికి సరైన సమాధానం ఉండదు. రోగికి వండిన చప్పిడి కూడులో మిగిలినదో, అతిథులు తినగా అడుగున మిగిలినదో ఆమె వంతు అవుతుంది.

సేవకుడు భోజనం వండి తెచ్చినప్పుడు అతణ్ణి తమతో కూర్చోబెట్టుకోవాలని, అది కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అందించాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ వంట వేడిని, శ్రమను భరించింది అతనే గనుక. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ హితవు పొయ్యి సెగ భరించినవారికే ఇంత హక్కు ఇచ్చింది. రాత్రుళ్ళు మేల్కొని రోగిని కనిపెట్టుకున్నవారి హక్కు ఎంతటిదో ఆలోచించండి. దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా 36వ ఆయతు కూడా తల్లిదండ్రులు, బంధువులతోపాటు పొరుగువారిని, పక్కనుండే సహచరులను చేర్చి వారందరి పట్ల ఉత్తమంగా మెలగమంటోంది.

అందుచేత పండుగ రాత్రి ముగ్గురికి సరిపడే ఒక చిన్న విందు వండండి. పండుగ డయాలసిస్ రోజున వస్తే చికిత్సను మానిపించకండి, విందునే తగిన వేళకు జరపండి. పొయ్యి ఒకటే, దస్తర్‌ఖాన్ ఒకటే, పళ్ళాలు మాత్రం వేరు.

పావుకిలో కోడిమాంసాన్ని అల్లం, వెల్లుల్లి, మిరియాలు, దాల్చినచెక్క, కొద్దిపాటి ఉల్లితో ఉడికించండి. ఉప్పు వేయకముందే రోగి భాగాన్ని వేరే గిన్నెలోకి తీసి, పైన కాసిని నిమ్మరసపు చుక్కలు పిండండి. మిగిలిన కూరకు ఉప్పు, కారం సరిచేయండి. అంగడి మసాలా పొట్లాల్లో ఉప్పు కలిసి ఉంటుంది కనుక మసాలా ఇంట్లోనే దంచుకోండి. 'తక్కువ సోడియం' ఉప్పు మరీ ప్రమాదకరం, అందులో తరచుగా పొటాషియం ఉంటుంది. అన్నాన్ని ఎక్కువ నీళ్ళలో ఉడికించి గంజి వార్చండి. రోగికి పులుసు, పాయసం, షర్బత్ అన్నీ ఆనాటి నీటి లెక్కలోకే వస్తాయని మరువకండి.

షీర్ ఖుర్మాలోని ఖర్జూరంలో పొటాషియం, పాలలో భాస్వరం, జీడిపప్పులో ఆ రెండూ ఉంటాయి. రోగికి మధుమేహం లేకపోతే అతని కోసం గుప్పెడు సేమియాను చెంచాడు నేతిలో వేయించి, కొద్ది నీళ్ళలో పొడిపొడిగా ఉడికించి, పంచదార, యాలకుల పొడి కలపండి. ఏది ఎంత తినాలో రక్త పరీక్షలు చూసి వైద్యులు చెప్పినదే ప్రమాణం.

తోడుగా ఉన్న సోదరికి మాత్రం ఏ కోతా వద్దు. జీడిపప్పు దండిగా వేసిన షీర్ ఖుర్మా ఆమెకు ఇవ్వండి. సోమవారమో శనివారమో మాంసం ముట్టని నియమం ఆమెకు ఉందేమో ముందురోజే అడగండి. ఉంటే గుత్తివంకాయ కూరను వేరే గిన్నెలో, వేరే గరిటెతో వండండి. "అమ్మా, ఈ పూట వడ్డన మాది, నువ్వు కూర్చో" అనండి. ఆ గంటసేపు రోగిని కనిపెట్టుకునే బాధ్యత ఇంటి మగవారు తీసుకోవాలి. లేకపోతే ఆమె సగం ముద్దలోనే లేచి వెళ్ళవలసి వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. విందు జీతానికి బదులు కాదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధనను అనుసరించి ఆమె జీతం పండుగకు ముందే చేతికి అందాలి. జకాత్ పైకాన్ని జీతం కింద జమ కట్టడం ధర్మసమ్మతం కాదు. ఇంటి కోడలే పరిచర్య చేస్తున్నట్లయితే ఆమెకు జీతం ఉండదు, సెలవు కూడా ఉండదు. ఆమెను ఈ పూటైనా వంటింటి నుండి విడిపించి ముందుగా వడ్డించండి.

రోగి తాను తినలేని షీర్ ఖుర్మా గిన్నెను తన చేతులతో ఆమె ముందు పెట్టినప్పుడు, ఇన్నాళ్ళూ సేవ అందుకున్న ఆ చేయి ఒక పూట ఇచ్చే చేయి అవుతుంది. వ్యాధి అతని నుండి ఎన్నో తీసుకుంది. ఇవ్వగల గౌరవాన్ని మాత్రం మన ఇళ్ళలో అతనికి మిగల్చాలి. రోగులకు స్వస్థతను, వారి సేవలో అలసిన వారికి ఉత్తమ ప్రతిఫలాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.