బెల్టు పెట్టుకోలేదన్నరు సరే, తగిలించే కొక్కెం ఏది?

పేపర్ల జిల్లా పేజీ తిప్పితే ఈ వార్త మాటిమాటికి కనవడ్తది: ‘ప్రమాదవశాత్తు జారిపడి భవన నిర్మాణ కార్మికుడు మృతి’. నాలుగు లైన్లు. ఆఖరికి ఒక ముక్క, సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదని. ఇగ కథ ఒడిసింది. తప్పు సచ్చినోని మీదికే పోయింది.

ఒక మాట ముందుగాల్నే ఒప్పుకుంట. మనోళ్లు జాగ్రత్త ఉండరన్నది ఉత్త అబద్ధమేం కాదు. వయసుల ఉన్నప్పుడు నేను సుతారి పనికి పోయిన. మూడో అంతస్తు గోవ మీద ఉత్త కాళ్లతోని ఉరికేటోణ్ని. పొద్దుగాల్నే కల్లు తాగి పైకెక్కినోళ్లను చూసిన. హెల్మెట్ తిరగేసి అండ్ల మొలలు పోసుకున్నోళ్లను చూసిన. ‘ఏమైతది తీ’ అన్న మాట మా అందరి నోట్ల ఉండేది.

కని ఆ మాట యాడికెల్లి వచ్చింది? గుత్త పనికెల్లి వచ్చింది. అడుగుల లెక్కన పైసలిస్తరు. బెల్టు కట్టుడు, ఇప్పుడు, జరిగి మళ్ల కట్టుడు అంటే పని ఆగుతది. ఆ ఆగిన టైముకు ఎవ్వడు కూలియ్యడు. భయమైతుందంటే మేస్త్రి నవ్వుతడు, తెల్లారి పిలువడు. ఒకవేళ బెల్టు ఇచ్చిన్రే అనుకుందాం. దాని కొక్కెం దేనికి తగిలియ్యాలె? పైన బరువాపే గట్టి తాడో, పైపో కట్టి ఉండాలె కదా. గోవ కట్టెకే తగిలిస్తే మనిషితోపాటు గోవ సుత కిందికొస్తది.

‘అంతా కూలోని తప్పే’ అనే వాదన శానా పాతది. అమెరికాల హెర్బర్ట్ హైన్రిక్ అని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి ఉండె. 1931ల పుస్తకం రాసిండు. 75 వేల ప్రమాదాల లెక్క తీసి, నూటికి 88 కార్మికుల చేష్టల వల్లనే అయినయని తేల్చిండు. ఆ లెక్క తీసింది ఇన్సూరెన్స్ ఫైళ్లకెల్లి, ఫ్యాక్టరీ ఓనర్ల రికార్డులకెల్లి. ఓనరు రాసుకున్న కాయితంల తప్పు ఎవరిదని ఉంటది? మీరే చెప్పున్రి.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. లోపల చిక్కిన 8 మందిల ఒక్కరు సుత ప్రాణాలతోని బయటికి రాలె. కొండ కూలినంక ఏ హెల్మెట్ కాపాడుతది?

అందుకే భద్రత అంటే బెల్టుతోని షురువు కాదు, బెల్టు ఆఖరిది. లిఫ్ట్ గుంతకు మూత ముందు. స్లాబ్ అంచుకు అడ్డంగ కట్టెలు ముందు. ఇంటి పక్కపొంటి కరెంటు తీగ పోతుంటే సలాకలు లేపకముందే లైను బంద్ చేయించుడు ముందు. పునాది గుంత లోతుగుంటే మట్టి విరగకుండ పలకలు కొట్టుడు ముందు. ఒక్క ఘనపు మీటరు మట్టి టన్నున్నర దాకా తూగుతది, మీద పడ్డంక గుంజనీకె టైముండదు.

సంపు సంగతి మరీ ఘోరం. స్లాబ్ పోసి రోజుల తరబడి మూసిపెడ్తరు. లోపల తడి కట్టె మురిగి గాలిల ఆక్సిజన్ తగ్గుతది. సెంట్రింగ్ ఇప్పనీకె ఒకడు దిగి పడిపోతడు. వాన్ని గుంజనీకె ఇంకొకడు దిగుతడు. ఇద్దరు పోతరు. అది నిర్లక్ష్యమా? ముందుగాల్నే మూతలన్ని తెరిచి, బ్లోయర్‌తోని గాలి కొట్టి, లోపలి గాలిని మిషన్‌తోని చెక్ చేయాల్సింది పని చేయించేటోడు. మీరొకటి యాదుంచుకోన్రి: లోపల ఎవరన్న పడితే ఎనుక దిగొద్దు. నడుముకు తాడు కట్టకుండ ఎవ్వరిని దిగనియ్యొద్దు.

ఇగ చట్టం. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996ల వచ్చింది. 500 మంది ఉన్నకాడ సేఫ్టీ కమిటీ ఉండాలన్నది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమలుల పెట్టిన్రు, అండ్ల ఆ లెక్క 250కి తగ్గింది. మంచిదే. కని మన మండలాల్ల పది పదిహేను మందితోని లేచే బిల్డింగులకు ఏ కమిటీ ఉండదు. పానం మీదికొచ్చే ముప్పు ఉందనిపిస్తే యజమానికి, ఇన్‌స్పెక్టర్‌కు చెప్పే హక్కు కొత్త కోడ్‌ల ఉన్నది. చెప్పినంక యజమాని ఎంటనే సరిచేయాలె. కాయితం మీద బాగున్నది. అడ్డా మీది కూలోడు ఒక్కడే అడిగితే ఏమైతదో మనకెరుక, రేపు వాని జాగల ఇంకొకడు ఉంటడు.

అందుకే ఒక్కనిగ అడగొద్దు తమ్మీ, గుంపుగ అడుగున్రి. పైకెక్కకముందు పదిమంది కలిసి ‘కొక్కెం యాడ తగిలియ్యాలె?’ అంటే గుత్తేదారు జవాబియ్యక తప్పదు, స్లాబ్ పొద్దు ఆగితే నష్టం ఆయనకే. కాలేజీ సెలవులల్ల ఫీజు పైసల కోసం స్లాబ్ పనికి పోయేటోళ్లు మీల ఉన్నరు. లేబర్ కార్డు తీసుకోన్రి. 18 నుంచి 60 ఏండ్ల లోపుండి, ఏడాదిల 90 రోజులు ఈ పని చేసినోళ్లకు అది హక్కు. బిల్డింగు ఖర్చుల నూటికి ఒక రూపాయి సెస్సు వసూలు చేసేది కార్మికుల కోసమే.

‘ఏమైతది తీ’ అనుడు మనం మానాలె, నిజమే. కని ఆ మాట మాతోని అనిపించినోణ్ని సుత వార్తల రాయాలె. ఈసారి ‘జారిపడి మృతి’ అని చూస్తే, మనిషి పేరు కాడ ఆగకున్రి. ఆ బిల్డింగు ఎవరిది, గుత్తేదారు ఎవరు, అంచుకు అడ్డం కట్టిన్రా లేదా, అడుగున్రి.